మకోందోకి దారి చూపిన మాస్టారు

స్పానిష్, పోర్చుగీసు పాఠాలు చెప్పుకుంటూనే లాటిన్ అమెరికా సాహిత్యాన్ని ప్రపంచం ముంగిట్లోకి తెచ్చిన గ్రెగరీ రబాసా కథ

ఆదివారం పొద్దున పది గంటలు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా టార్పాలిన్ల మీద పుస్తకాలు పరిచారు. పోటీ పరీక్షల గైడ్లు ఒకపక్క గుట్టగా, పాత ఇంగ్లిషు నవలలు ఇంకోపక్క వరసగా. ఇరవై ఏళ్లుంటాయేమో, ఒకమ్మాయి గొంతుక్కూర్చుని ఆ నవలల్లో వెతుకుతోంది. కావలసింది దొరికినట్టుంది, చటుక్కున లాగింది. నలిగిన అట్ట. మధ్యలో ఎవరో బస్సు టిక్కెట్టు పెట్టి అక్కడితో చదవడం ఆపేసిన గుర్తు.

"సిరీస్ మొత్తం చూసేశానే. పుస్తకంలో ఇంకా చాలా ఉందట," అంది పక్కనున్న స్నేహితురాలితో.

అట్ట మీద పెద్దక్షరాల్లో 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్'. దాని కింద గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ పేరు. చిత్రమేమిటంటే, ఆ అమ్మాయి ఇంటికెళ్లి చదవబోయే మాటల్లో ఒక్కటి కూడా మార్క్వెజ్ రాసింది కాదు. ఆయన రాసింది స్పానిష్‌లో. ఈ ఇంగ్లిషు మాటలన్నీ ఒక్కొక్కటిగా ఏరి పేర్చింది న్యూయార్క్‌లో స్పానిష్, పోర్చుగీసు సాహిత్యం చెప్పే ఒక మాస్టారు. ఆయన పేరు లోపలి పేజీలో చిన్నక్షరాల్లో ఉంటుంది. గ్రెగరీ రబాసా.

2024 డిసెంబరు 11న నెట్‌ఫ్లిక్స్‌లో ఆ నవల ఆధారంగా తీసిన సిరీస్ మొదటి ఎనిమిది భాగాలు వచ్చినప్పటి నుంచీ అందులోని మకోందో ఊరి గురించి మన పిల్లలు కూడా మాట్లాడుకుంటున్నారు. బతికున్నంతకాలం మార్క్వెజ్ ఈ నవలను సినిమాకి ఇవ్వలేదు. ఆయన పోయాక కొడుకులు ఒప్పుకున్నారు, అదీ కొలంబియాలో, స్పానిష్‌లోనే తీయాలన్న పట్టుదలతో. తెరకెక్కడానికి అర్ధ శతాబ్దం పైగా పట్టిన ఆ కథ అంతకుముందే కోట్లమందికి తెలుసు. మన దగ్గర చాలామంది దాన్ని చదివిందీ, దాని గురించి వాదించుకుందీ రబాసా ఇంగ్లిషులోనే. అందుకే ఈవారం ఆయన గురించి.

చక్కెర వ్యాపారి కొడుకు

రబాసా 1922లో న్యూయార్క్ పక్కనే ఉన్న యాంకర్స్‌లో పుట్టారు. తండ్రి క్యూబా మనిషి, చక్కెర వ్యాపారం. ఆ వ్యాపారం దెబ్బతినడంతో కుటుంబం న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని హనోవర్ దగ్గరికి చేరింది. హనోవర్‌లోనే డార్ట్‌మత్ కాలేజీ. అక్కడ చేరిన కుర్రాడు భాషల వెంట పడ్డాడు. ఒకటి పట్టుబడగానే ఇంకొకటి. పోర్చుగీసు ఆయనకు అలా అంటుకున్నదే.

ఇంతలో రెండో ప్రపంచ యుద్ధం. సైన్యం ఆయన్ని గూఢచారి విభాగంలో సంకేత లిపి పనికి పెట్టింది. ముందు ఉత్తరాఫ్రికా, తర్వాత ఇటలీ. వచ్చిన సందేశాన్ని ఎవరికీ అర్థంకాని అక్షరాల ముద్దగా మార్చడం, అవతలి నుంచి వచ్చిన ముద్దను మళ్లీ మాటలుగా విడదీయడం. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే ఎక్కడో ఎవరి ప్రాణమో పోతుంది. మాటకు అంత బరువు ఉంటుందని ఇరవై రెండేళ్లకే తెలుసుకున్నవాడు తర్వాత ఏ పని చేసినా ఆ జాగ్రత్త వదలడు. ఆయన అనువాదాలు చదువుతుంటే నాకు ఆ సంకేత లిపి గదే గుర్తొస్తుంది.

యుద్ధం అయ్యాక న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం. 1947లో స్పానిష్‌లో ఎం.ఏ., 1954లో పోర్చుగీసులో పీహెచ్‌డీ. పరిశోధనాంశం గమనించండి: 1888 తర్వాతి బ్రెజిల్ కథాసాహిత్యంలో నల్లజాతివారు. 1888 అంటే బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దుచేసిన సంవత్సరం. అమెరికాలోనే బడుల్లో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ వేరుగా కూర్చోబెట్టడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది 1954లో. ఆ కాలంలో, ఇంకో దేశపు నవలల్లో నల్లవారిని ఎలా చూపించారో చూడాలని ఒక యువకుడు కూర్చున్నాడు. ఆ సిద్ధాంత గ్రంథం 1965లో పోర్చుగీసులో పుస్తకంగా వచ్చింది. రబాసా గురించి రాసేవాళ్లు సాధారణంగా ఈ ముక్క దాటేసి నేరుగా మార్క్వెజ్ దగ్గరికి పోతారు. నాకైతే ఆయన మనసు మొదట కనిపించేది ఇక్కడే.

> ఒక శాఖలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు
> అమెరికా విశ్వవిద్యాలయాల్లో 'స్పానిష్ అండ్ పోర్చుగీస్' అని రెండు భాషలకూ కలిపి ఒకే శాఖ ఉండటం మామూలే. రెండూ ఐబీరియా ద్వీపకల్పంలో లాటిన్ నుంచి పుట్టినవే. 1494లో టోర్డెసిల్యాస్ ఒప్పందంతో స్పెయిన్, పోర్చుగల్ కొత్త భూముల్ని గీత గీసి పంచుకున్నాయి. బ్రెజిల్ పోర్చుగీసు వైపు వచ్చింది. స్పానిష్ నేడు దాదాపు 50 కోట్లమందికి మాతృభాష. పోర్చుగీసు ఒక్క బ్రెజిల్‌లోనే 20 కోట్లమంది మాట్లాడతారు. అయినా కాలేజీల్లో స్పానిష్ తరగతి నిండుతుంది, పోర్చుగీసు తరగతిలో బెంచీలు ఖాళీగా ఉంటాయి. రబాసా ఇద్దరినీ సమానంగా చూశారు.

భాషకు గిరాకీ ఎప్పుడొస్తుంది?

లాటిన్ అమెరికా సాహిత్యం మీద అమెరికాకు ఉన్నట్టుండి ప్రేమ పుట్టలేదు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేసింది. తాము వెనకబడ్డామన్న భయంతో మరుసటి ఏడాదే అమెరికా జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. లెక్కలకీ సైన్సుకీ తోడు విదేశీ భాషలకూ నిధులు వచ్చాయి. ముందుగా నేర్పాలని ఎంచిన ఆరు భాషల్లో రష్యన్, చైనీస్, జపనీస్, అరబిక్, హిందీ–ఉర్దూలతో పాటు పోర్చుగీసూ ఉంది. 1959లో క్యూబాలో విప్లవం గెలిచింది. ఇక దక్షిణాన ఉన్న పొరుగువాళ్లు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలన్న ఆత్రం మొదలైంది. భాషా శాఖల్లో ఉద్యోగాలు పెరిగాయి.

ఆ కాలంలోనే 'ఒడిస్సీ రివ్యూ' అనే పత్రిక వచ్చింది. యూరప్, లాటిన్ అమెరికా రచనల్ని ఇంగ్లిషులో వేసేది. సంపాదకుల్లో రబాసా ఒకరు. వేయాల్సినవి బోలెడు, అనువదించేవాళ్లు లేరు. దాంతో తానే కలం పట్టారు. నడిచింది కొద్ది సంవత్సరాలే కానీ, ఒక పాఠాల మాస్టారిని అనువాదకుడిగా మార్చింది ఆ చిన్న పత్రికే.

పత్రిక సంగతి తెలిసిన సారా బ్లాక్‌బర్న్ అనే సంపాదకురాలు, పాంథియాన్ ప్రచురణ సంస్థ నుంచి ఒక లావుపాటి నవల గురించి అడిగారు. అర్జెంటీనా రచయిత హూలియో కోర్తాసార్ రాసిన 'రాయువెలా'. మన తొక్కుడుబిళ్ల ఆటే దాని పేరు. మొత్తం 155 అధ్యాయాలు. వరసగానూ చదవొచ్చు, రచయిత ఇచ్చిన పట్టిక ప్రకారం గెంతుతూనూ చదవొచ్చు. రబాసా నమూనాగా రెండు అధ్యాయాలు చేసి పంపారు, రచయితకీ నచ్చాయి. అప్పటికి రబాసా ఆ నవల పూర్తిగా చదవనేలేదు! చదువుతూ అనువదించారు, అనువదిస్తూ చదివారు. ముందు ఏం జరుగుతుందో పాఠకుడికి తెలియదు కదా, ఆ తహతహ అనువాదకుడి వాక్యంలోనూ ఉండాలన్నది ఆయన నమ్మకం. తర్వాత కూడా ఈ పద్ధతిని ఆయన దాచుకోలేదు, గర్వంగానే చెప్పుకున్నారు.

'హాప్‌స్కాచ్' పేరుతో 1966లో వచ్చిన ఆ అనువాదానికి మరుసటి ఏడాది నేషనల్ బుక్ అవార్డు వచ్చింది. అనువాదానికి ఆ అవార్డు ఇవ్వడం అదే మొదటిసారి. కాసనోవా జ్ఞాపకాలను అనువదించిన విలర్డ్ ట్రాస్క్‌తో కలిసి అందుకున్నారు.

మూడేళ్లు ఆగిన మార్క్వెజ్

1967లో బ్యూనస్ ఎయిరిస్‌లో మార్క్వెజ్ నవల అచ్చయింది. ఇంగ్లిషులోకి ఎవరు చేయాలన్న మాట వచ్చినప్పుడు స్నేహితుడు కోర్తాసార్ ఇచ్చిన సలహా ఒక్కటే: రబాసా తీరిక చేసుకునేదాకా ఆగు. రబాసా చేతినిండా పని. మార్క్వెజ్ ఆగారు. 1970లో గానీ ఇంగ్లిషు పుస్తకం రాలేదు. ఆ నిరీక్షణ ఫలించిందనడానికి సాక్ష్యం మార్క్వెజే. అనువాదం తన మూలం కంటే బాగుందని ఆయన అన్నట్టు సాహిత్యలోకంలో గట్టిగా చెప్పుకుంటారు.

ఆ నవల చేయడానికి మీకు చాలినంత స్పానిష్ వచ్చా అని ఎవరో రబాసాను అడిగారట. అసలు అడగాల్సింది నాకు చాలినంత ఇంగ్లిషు వచ్చా అని, అన్నది ఆయన జవాబు. తెలుగులోకి అనువదించే ప్రతి ఒక్కరూ బల్ల ముందు రాసిపెట్టుకోవాల్సిన జవాబు ఇది. మన అనువాదాలు బిగుసుకుపోయేది అవతలి భాష రాక కాదు, తెలుగు చాలక.

పేరు దగ్గరే ఆయన ఎంత ఆగారో చూడండి. స్పానిష్‌లో 'సియెన్' అంటే వంద. ఇంగ్లిషులో మాత్రం 'ఎ హండ్రెడ్' అనాలా, 'వన్ హండ్రెడ్' అనాలా అని తేల్చుకోవాలి. మొదటిది ఉజ్జాయింపు, రెండోది కచ్చితమైన లెక్క. నవలలోని బ్యుయెందియా కుటుంబానికి రాసిపెట్టి ఉన్నది సరిగ్గా వందేళ్లు, అది ఒక జోస్యం. కాబట్టి 'వన్'. తర్వాతి మాట 'సొలెదాద్'. దాంట్లో ఒంటరితనపు బాధా ఉంది, ఒంటరిగా ఉండటంలోని నిండుతనమూ ఉంది. రెంటినీ మోయగల మాటగా 'సాలిట్యూడ్'ను ఎంచారు.

ఇక్కడ తెలుగువాళ్లం ఒక్క క్షణం ఆగాలి. మనకు 'నూరేళ్లు' అన్న మాటలోనే జోస్యం ఉంది. 'నూరేళ్లు చల్లగా ఉండు' అని దీవిస్తాం. 'వాడికి నూరేళ్లు నిండాయి' అంటే ప్రాణం పోయిందని. ఒకే మాటలో దీవెనా చావూ. బ్యుయెందియా వంశం కథంతా ఆ రెంటి మధ్యే నడుస్తుంది. ఇంగ్లిషులో రబాసా 'వన్' అనే చిన్న మాటతో పట్టుకోవాల్సి వచ్చిన బరువు మన భాషలో ముందే సిద్ధంగా ఉంది. కానీ 'సొలెదాద్' దగ్గర మనకూ చిక్కే. ఏకాంతం అంటే కోరుకున్నది, ఒంటరితనం అంటే నెత్తిన పడింది. ఈ రెండింటినీ కలిపిన తెలుగు మాట కోసం నేను చాలాకాలంగా వెతుకుతున్నాను.

నవల మొదట్లోనే వచ్చే మంచుగడ్డ సంగతి ఇంకా సున్నితం. ఉక్కపోసే ఊళ్లో పుట్టి పెరిగిన పిల్లాణ్ని తండ్రి మంచుగడ్డ చూడటానికి తీసుకెళతాడు. అక్కడ మార్క్వెజ్ వాడింది 'కొనొసేర్' అనే క్రియ. మనిషితో పరిచయం కావడానికీ, ఒక సంగతి మొదటిసారి అనుభవంలోకి రావడానికీ స్పానిష్ వాళ్లు ఇదే మాట వాడతారు. మంచుగడ్డను 'చూడటం' అంటే చాలదు, 'తెలుసుకోవడం' అంటే పాఠంలా ఉంటుంది. రబాసా 'డిస్కవర్' అన్నారు. కొత్తగా కనుగొనడం. లోకానికంతా పాత సంగతే అయినా ఆ పిల్లాడికి అది కొత్త ఖండం.

పుస్తకం కోట్లకు, మాస్టారు జీతానికి

ఆ నవల అన్ని భాషల్లో కలిపి 5 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైందని అంచనా. 1982లో మార్క్వెజ్‌కు నోబెల్ వచ్చింది. ఇంగ్లిషు ప్రతి ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. ఆ అమ్మకాల్లో రబాసాకు రాయల్టీ వాటా లేదు. ఆ రోజుల్లో అనువాదకుడికి ఇంత అని ఒకేసారి చేతిలో పెట్టేవారు, అంతటితో సరి.

మరి ఇల్లు ఎలా గడిచింది? పాఠాలు చెప్పి. కొలంబియాలో రెండు దశాబ్దాలు చెప్పాక 1968లో క్వీన్స్ కాలేజీకి మారారు. ఇది న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయంలో భాగం, ప్రభుత్వ కాలేజీ. 1976 వరకూ ఆ విశ్వవిద్యాలయంలో ట్యూషన్ ఫీజు లేదు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, రోజూ బస్సుల్లో సబ్‌వేల్లో వచ్చిపోయే పిల్లలు, సాయంత్రం పనికి పరుగెత్తే పిల్లలు. పేరు మోసిన కొలంబియాను వదిలి అక్కడ చేరిన మాస్టారు ఎనభై దాటాక కూడా అక్కడే పాఠం చెప్పారు. భార్య క్లెమెంటైన్ కూడా ఆ నగర విశ్వవిద్యాలయంలోనే సాహిత్యం చెప్పేవారు.

అనువాదం ఎలా చేయాలో తరగతిలో నేర్పలేమని ఆయనకు బాగా తెలుసు. అయినా నేర్పారు. విద్యార్థి ఏ మాట వాడాలో చెప్పాలంటే ఆ మాట మాస్టారే వాడేయాలి, అప్పుడది విద్యార్థి అనువాదం కాకుండా పోతుంది. ఇదీ ఆయన చెప్పిన చిక్కు. సంగీతం మాస్టారు శ్రుతి అందించగలరు, పాట మాత్రం పిల్లలే పాడుకోవాలి. అందుకే చెవి ముఖ్యమనేవారు. ఒక రచనను అందరికంటే దగ్గరగా చదివేవాడు అనువాదకుడేనని కూడా ఆయన నమ్మారు. ఆ రకంగా పాఠం, అనువాదం ఆయనకు వేర్వేరు పనులు కావు.

జీతం వచ్చే ఉద్యోగం లేకపోతే ఆ నలభైకి మించిన అనువాదాలు వచ్చేవా? వచ్చేవి కావని నా నమ్మకం. వర్గాస్ యోసా 'గ్రీన్ హౌస్', లెసామా లిమా 'పారదీసో', మార్క్వెజ్ 'ఆటమ్ ఆఫ్ ది పేట్రియార్క్'... వీటిలో ఒక్కొక్కటీ ఏళ్లు మింగే పని. ఆ చివరి నవలైతే పేజీలకు పేజీలు ఆగని వాక్యాలతో సాగుతుంది. దానికి 1977లో పెన్ అనువాద బహుమతి వచ్చింది. ఈ ఓపికకి కూడు పెట్టింది ఒక ప్రభుత్వ కాలేజీ.

> అనువాదానికి ఎన్ని మార్కులు?
> మన దేశంలో అధ్యాపకుల నియామకాలకు, పదోన్నతులకు యూజీసీ 2018లో పరిశోధన పాయింట్ల పట్టిక ఇచ్చింది. అంతర్జాతీయ ప్రచురణ సంస్థ వేసిన సొంత పుస్తకానికి 12, దేశంలోని సంస్థ వేసినదానికి 10, అనువదించిన పుస్తకానికి 8. 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్' లాంటి పని చేసినా ఆ పట్టికలో ఎనిమిదే.

పోర్చుగీసును మరవలేదు

స్పానిష్‌లో రాసే లాటిన్ అమెరికా రచయితలు 'బూమ్' పేరుతో లోకమంతా వెలిగిపోతుంటే బ్రెజిల్ పక్కకు తప్పుకుపోయింది. పోర్చుగీసు పీహెచ్‌డీ చేసిన రబాసా ఆ లోటు చూస్తూ ఊరుకోలేదు. 1963లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఒక సాహిత్య సభకి బ్రెజిల్ రచయిత్రి క్లారిస్ లిస్పెక్టర్ వచ్చారు. ఆమెను చూసి రబాసా నిశ్చేష్టులయ్యారు. సినిమా తార మార్లీన్ డీట్రిచ్‌లా కనిపించే మనిషి వర్జీనియా వూల్ఫ్‌లా రాస్తోందని తర్వాత ఎంతో మురిసిపోతూ చెప్పేవారు. రూపాన్ని కలపకుండా రచనను మెచ్చుకుని ఉంటే బాగుండేదని ఈనాటి పాఠకులకు అనిపించవచ్చు, నాకూ అనిపించింది. కానీ ఆ అబ్బురంతో ఆయన చేసిన పని పెద్దది. 1967లో వచ్చిన 'ది యాపిల్ ఇన్ ది డార్క్', ఇంగ్లిషులోకి వెళ్లిన లిస్పెక్టర్ నవలల్లో మొదటిది. ఇప్పుడు ప్రపంచమంతా ఆమెను తలకెత్తుకుంటోంది. ఈయన నలభై ఏళ్లు ముందున్నారు.

డెబ్బై అయిదేళ్ల వయసులో, 1997లో బ్రెజిల్ రచయిత మషాదు ది అసీస్ 'బ్రాస్ కూబాస్' నవల అనువాదం తెచ్చారు. చనిపోయినవాడు సమాధిలోంచి తన కథ చెప్పే నవల అది, 1881 నాటిది. రాసిన మషాదుకి తండ్రి వైపు తాతా నాయనమ్మా ఒకప్పుడు బానిసలు. 1888 దగ్గర మొదలైన ఒక విద్యార్థి పరిశోధన, అర్ధ శతాబ్దం తిరిగి ఆ కాలం మనిషి దగ్గరికే వచ్చింది.

> మన నోట్లో పోర్చుగీసు
> పోర్చుగీసు మనకు బొత్తిగా పరాయి కాదు. సముద్రం మీద వచ్చిన వర్తకుల నుంచి మన భాషలోకి జారిన మాటలు రోజూ వాడుతున్నాం. బట్టలు పెట్టే అల్మారా, చొక్కాకి బొత్తాం, ఆ బొత్తానికి కాజా, ఇల్లు కట్టే మేస్త్రి, చర్చిలో పాదిరి, తినే అనాస, నూనె పీపా, వేలంపాటలో వేలం అన్నీ అటు నుంచి వచ్చినవే.

తలుపులు మూసుకుంటున్నాయా?

స్పుత్నిక్ భయంతో తెరిచిన తలుపులు ఇప్పుడు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అమెరికాలో 2016 నుంచి 2021 మధ్య ఇంగ్లిషేతర భాషల తరగతుల్లో చేరినవారు 16 శాతానికి పైగా తగ్గారు. అన్నిటికంటే పెద్దదైన స్పానిష్‌లోనూ ఆ కోత ఉంది. 2023లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం విదేశీ భాషల శాఖనే ఎత్తేస్తామని ప్రకటించింది. గొడవ జరిగాక కొన్ని స్పానిష్, చైనీస్ తరగతులు మిగిలాయి. ఫోను ముందు మాట్లాడితే అదే అనువదిస్తుంది కదా, ఇంకా భాష నేర్పే మాస్టార్లెందుకన్న ప్రశ్న మన దగ్గరా వినిపిస్తోంది. 'కొనొసేర్' ముందు ఆగి ఆలోచించే మనిషి దొరకాలంటే ఎన్ని వేల మామూలు తరగతులు నడవాలో లెక్కగట్టేవాళ్లు తక్కువ.

ఇంకోవైపు అనువాదకుల పరువు పెరిగింది, అది నిజం. రబాసా తర్వాతి తరానికి చెందిన ఈడిత్ గ్రాస్‌మన్ అధ్యాపక ఉద్యోగం వదిలి పూర్తికాలం అనువాదానికే కూర్చున్నారు. 2003లో వచ్చిన ఆమె 'డాన్ కిహోతే' అట్ట మీద ఆమె పేరుంది. 2016 నుంచి ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి సొమ్ము 50 వేల పౌండ్లను రచయితకీ అనువాదకులకీ సమానంగా పంచుతున్నారు. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్‌తో పాటు దీపా భాస్తి అందుకున్నది ఆ సగమే.

రబాసా తన జ్ఞాపకాల పుస్తకం 2005లో ప్రచురించారు. అనువాదకుడు ద్రోహి అనే ఇటలీ సామెత పట్టుకుని, 'ఇది ద్రోహమే అయితే' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. పుస్తకమంతా న్యాయస్థానంలో విచారణలా ఉంటుంది. ముందు అభియోగం, తర్వాత ఒక్కో రచయిత పేరునా నేరాల జాబితా, చివర తీర్పు. నిందితుడి బోనులో ఆయనే. అమెరికా ప్రభుత్వం 2006లో జాతీయ కళా పతకం ఇచ్చింది. 2016 జూన్ 13న కనెక్టికట్ రాష్ట్రంలో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆబిడ్స్‌లో ఆ అమ్మాయి బేరమాడి పుస్తకం కొనుక్కుంది. నాలుగడుగులు వేసి, పేజీలు తిప్పుతూ ఆగి, వెనక్కి వచ్చింది. లోపలి పేజీ మీద వేలు పెట్టి చూపించింది.

"అంకుల్, ఈయనవి ఇంకేమైనా ఉన్నాయా?"

పుస్తకాలాయన కళ్లజోడు పైకి జరుపుకుని ఆ చిన్నక్షరాల వైపు చూశాడు.

"ఈయన రాసినవా అమ్మా?"

"రాసినవి కాదు..." అని ఆ అమ్మాయి మాట కోసం తడుముకుంది. ఆయన మాత్రం అప్పటికే వంగి, వరసలో ఒక్కో పుస్తకం అట్ట తిప్పి లోపలి పేజీ చూడటం మొదలుపెట్టాడు.